912 యుఎల్‌ఎస్ అని చెప్పి 80 హెచ్‌పీ ఇంజిన్ అంటగట్టాడు, జాగ్రత్త

బెంగళూరులో యలహంక అవతల షెడ్డు పెట్టుకుని సెకండ్‌హ్యాండ్ రోటాక్స్‌లు (చిన్న విమానాల ఇంజిన్లు) అమ్మే పెద్దమనిషి ఎవరో ఇక్కడ కిట్ విమానాలు కడుతున్న వాళ్లలో సగం మందికి తెలుసు. పేరు రాయను. రాస్తే డబ్బు వాపసు ఇవ్వడు గానీ లాయర్ నోటీసు మాత్రం వెంటనే పంపిస్తాడు.

నా సీహెచ్ 701 కిట్ విమానానికి రోటాక్స్ 912 యుఎల్‌ఎస్, అంటే 100 హెచ్‌పీది కావాలని అడిగితే, "పక్కా యుఎల్‌ఎస్ అన్నా, 340 గంటలే తిరిగింది, మనోళ్లకని ఆపి ఉంచా" అని ఆరు లక్షలకి ఇచ్చాడు. కూలెంట్ లీకవుతోందని ఒక సిలిండర్ హెడ్ విప్పితే బోరు (సిలిండర్ లోపలి వ్యాసం) 79.5 మిల్లీమీటర్లు! యుఎల్‌ఎస్ బోరు 84. స్ట్రోక్ (పిస్టన్ కదిలే దూరం) రెండింటికీ 61 మిల్లీమీటర్లే కాబట్టి తేడా అంతా బోరులోనే ఉంటుంది: ఒకటి 1211 సీసీ, ఇంకోటి 1352 సీసీ. అరిగితే బోరు పెరుగుతుంది, నాలుగున్నర మిల్లీమీటర్లు తగ్గదు కదా. అంటే ఇది 912 యుఎల్, 80 హెచ్‌పీది.

మరి సీరియల్ నంబర్ లాగ్‌బుక్‌తో ఎలా కలిసింది? అసలు కిటుకు అక్కడే ఉంది. ఆ నంబర్ ఉండేది మ్యాగ్నెటో వైపు ఇగ్నిషన్ హౌసింగ్ మీద. ఆ హౌసింగ్ బోల్టులు తీస్తే ఊడొచ్చే భాగం. పాడైపోయిన ఏదో యుఎల్‌ఎస్ హౌసింగ్ తెచ్చి దీనికి తగిలించాడు, దాని లాగ్‌బుక్కే చేతికిచ్చాడు. నంబర్ నిజమే, లాగ్‌బుక్ నిజమే, వెనకున్న ఇంజినే వేరు. ఆ 340 గంటలు ఏ ఇంజిన్ తిరిగినవో దేవుడికే తెలియాలి. గేర్‌బాక్స్ కూడా తెలివిగా యుఎల్‌ఎస్‌కి ఉండే 2.43 రేషియోది (ఇంజిన్ 2.43 చుట్లకి ప్రొపెల్లర్ ఒక చుట్టు) పెట్టాడు. యుఎల్‌కి మామూలుగా వచ్చేది 2.27, కానీ 2.43 కూడా దొరుకుతుంది, కాబట్టి రేషియో చూసి ఖాయం చేసుకోకండి. పైగా "ఫారం వన్ ఉంది" అంటూ ఒక జిరాక్స్ (సర్టిఫైడ్ విమాన భాగాలతో వచ్చే కాగితం అది). యుఎల్, యుఎల్‌ఎస్ రెండూ సర్టిఫైడ్ కాని ఇంజిన్లు. సర్టిఫైడ్‌వి ఎ, ఎఫ్, ఎస్ మోడళ్లు. ఏ కాగితం దేనిదో అడిగేలోపే టీ తెప్పించాడు.

ఇంకా మంట పుట్టించేది ఏంటంటే, కొనే ముందు చేయాల్సిన టెస్టులన్నీ ఇది పాసైంది. వేడి ఇంజిన్ మీద 6 బార్ గాలి పెట్టి లీక్‌డౌన్ (గాలి ఎంత కారిపోతుందో) చూస్తే ఏ సిలిండర్‌లోనూ 4.5 కంటే కిందకి పోలేదు. క్రాంక్ లాక్ చేసి ప్రొపెల్లర్ కదిపితే 30 డిగ్రీలు ఆడింది, క్లచ్ ఫ్రిక్షన్ కూడా 25 నుంచి 60 న్యూటన్ మీటర్ల మధ్యే ఉంది (అర మీటర్ దూరంలో స్ప్రింగ్ త్రాసు కట్టి లాగితే 5 నుంచి 12 కిలోలు). పాసవక ఏం చేస్తుంది? ఇంజిన్ చెడిపోయింది కాదు, వేరేది. ఈ టెస్టులు ఆరోగ్యం చెప్తాయి, కులగోత్రాలు చెప్పవు.

బోరు ఫొటో పంపి ఫోన్ చేస్తే అయ్యగారి సమాధానం వినండి. డబ్బు పడేదాకా "అన్నా", పడ్డాక "మిస్టర్". తెలుగు కూడా మర్చిపోయాడు, అంతా ఇంగ్లిషే. బిల్లు తీసి చదువుకోమన్నాడు. నిజంగానే అందులో "ఒక రోటాక్స్ ఇంజిన్, వాడినది, ఉన్నది ఉన్నట్టు" అని మాత్రమే ఉంది, యుఎల్‌ఎస్ అన్న మాట ఎక్కడా లేదు. వాట్సాప్‌లో రాశావు కదయ్యా అంటే, "మీరు ఇంకా గాల్లోకి లేవనే లేదు, 80 అయితే ఏంటి, 100 అయితే ఏంటి" అని పెట్టేశాడు. ఆరు లక్షలు తీసుకుని ఆ మాట అన్నాడు.

ఏంటంటే, చెప్తా. బెంగళూరు 900 మీటర్ల ఎత్తులో ఉంది. టర్బో లేని ఇంజిన్‌కి ఇక్కడ దాదాపు పదో వంతు పవర్ పోతుంది. 80 అన్నది 72కి దిగుతుంది, మే నెల మధ్యాహ్నం ఇంకా తక్కువ. ఇద్దరు కూర్చుంటే రన్‌వే చివరి చెట్లు దగ్గరగా కనిపిస్తాయి. 100 హెచ్‌పీకని పిచ్ (రెక్కల వాలు) పెట్టిన ప్రొపెల్లర్ దీనికి బిగిస్తే నేల మీద ఫుల్ థ్రాటిల్‌లో ఆర్‌పీఎం లేవదు. మనమేమో కార్బురేటర్ల సింక్ (రెండూ సమానంగా పనిచేయడం) తప్పిందని వాటినే గెలుకుతూ కూర్చుంటాం.

కార్బురేటర్లంటే గుర్తొచ్చింది, ఫ్లోట్లు (వాటిలో పెట్రోల్ మట్టాన్ని అదుపు చేసే తేలే ముక్కలు) కూడా బరువెక్కి ఉన్నాయి. జత 7 గ్రాములు దాటితే మార్చాల్సిందే. రబ్బరు సాకెట్లకి పగుళ్లు, హోసులన్నీ ఐదేళ్లు దాటినవే. డెమోకి బంకు పెట్రోల్ పోశాడు. అది ఇప్పుడు ఇ20 (20 శాతం ఇథనాల్ కలిపింది), రోటాక్స్ ఒప్పుకునేది 10 శాతం ఇథనాల్ దాకే. ప్రొపెల్లర్‌ని ఎడాపెడా వెనక్కి తిప్పి "కంప్రెషన్ చూడన్నా" అన్నప్పుడే వీడి సంగతి తెలియాల్సింది. అలా తిప్పితే ఆయిల్ లైన్లలోకి, ట్యాపెట్లలోకి గాలి చేరుతుంది.

సరే, కొనేవాళ్లకి: ఒక్క హెడ్ విప్పించి వెర్నియర్ పెట్టి కొలవండి. విప్పనంటే లేచి వచ్చేయండి. బిల్లులో మోడల్, సీరియల్ నంబర్, "బోరు 84 మి.మీ." అని రాయించండి. అవి రాసిన బిల్లు చేతికొచ్చాకే మిగతా డబ్బు.

అదే షెడ్డులో ప్లైవుడ్ పెట్టెలో ఇంకో "యుఎల్‌ఎస్" ఉంది. చెన్నై పార్టీ ఎవరో అడ్వాన్స్ ఇవ్వబోతున్నారట. ఆ పార్టీ ఇది చదువుతుంటే మెసేజ్ పెట్టండి బాబూ, బోరు ఫొటోలు, బిల్లు కాపీ పంపిస్తా.