ష్రింకర్–స్ట్రెచర్ జత: మోడల్ ఏ హాట్ రాడ్ రేకు పనిలో ఏళ్ళ తరబడి వాడాక

పాత ఫోర్డ్‌ను హాట్ రాడ్‌గా కట్టుకోవాలనుకునేవాళ్ళు ముందుగా కొనాల్సిన రేకు యంత్రం ఏదని నన్ను చాలామంది అడుగుతుంటారు. రేకును చక్రాల మధ్య నొక్కి గుమ్మటంలా ఉబ్బించే ఇంగ్లిష్ వీల్ అనో, రేకు మీద గట్లు తేల్చే బీడ్ రోలర్ అనో చెబుతానని వాళ్ళు ఎదురుచూస్తారు. నా జవాబు మాత్రం మీట లాగితే నడిచే ష్రింకర్–స్ట్రెచర్ జత: రేకు అంచును ఒకటి కుదిస్తుంది, ఇంకొకటి సాగదీస్తుంది. మిషిగన్‌లో మా ఇంటి గరాజ్‌లో 1931 నాటి ఫోర్డ్ మోడల్ ఏ కూపే (రెండు తలుపుల కారు) మీద ఏళ్ళుగా ఈ జతతోనే పని చేస్తున్నాను. దాని బాగోగులు రెండూ చెప్పే అనుభవం ఇప్పుడు వచ్చిందనుకుంటున్నాను.

ముందు కారు సంగతి. పాత ఫోర్డ్‌ను తేలిక చేసి, పెద్ద ఇంజన్ ఎక్కించి కాలిఫోర్నియా ఎండు సరస్సుల మీద పరుగెత్తించిన కుర్రకారుతో హాట్ రాడ్ మొదలైంది. ఆ పరుగులను ఒక పద్ధతిలో పెట్టడానికి 1937లోనే ఎస్‌సీటీఏ (సదరన్ కాలిఫోర్నియా టైమింగ్ అసోసియేషన్) అనే సంఘం ఏర్పడింది. 1932లో ఫోర్డ్ తెచ్చిన 221 ఘనపు అంగుళాల ఫ్లాట్‌హెడ్ (వాల్వులు బ్లాక్‌లోనే ఉండే) వీ8 ఇంజన్ శక్తి 65 హార్స్‌పవరే. అయినా సామాన్యుడి చేతికి అందిన వీ8 అది. నా కూపేలో పెట్టింది 1949 తర్వాతి 239 ఘనపు అంగుళాల ఫ్లాట్‌హెడ్, దాని వెనక టీ-5 అనే అయిదు గేర్ల గేర్‌బాక్స్. చెవ్రొలె ఎస్-10 ట్రక్కులో వచ్చిన టీ-5 గేర్‌రాడ్ కాస్త ముందుకు ఉంటుంది కాబట్టి పాత ఫోర్డ్‌లో సీటుకు తగలదు. అందుకే ఈ కార్లవాళ్ళు దాన్నే వెతుక్కుంటారు.

మోడల్ ఏకి కంపెనీ నాటి రూపంలో దాదాపు ఏ రేకు కావాలన్నా ఇవాళ కొత్తది దొరుకుతుంది. ఒహాయోలోని బ్రూక్‌విల్ సంస్థయితే ఉక్కుతో మొత్తం బాడీయే చేసి అమ్ముతుంది. చిక్కు ఎక్కడంటే, ఇంజన్, గేర్‌బాక్స్ మారిన మరుక్షణం ఆ నేల రేకు, ఆ గేర్‌బాక్స్ మూత మీ కారుకు సరిపోవు. టీ-5 మీదికి టన్నెల్ (గేర్‌బాక్స్‌ను కప్పే కమాను రేకు), పెడళ్ళ చుట్టూ నేల, ఇంజన్‌కూ మనకూ మధ్య అడ్డుండే ఫైర్‌వాల్ రేకుకు అతుకు, అన్నీ మనమే చేసుకోవాలి. పైగా వీటిలో దాదాపు ప్రతి ముక్కకూ చివర ఒక వంపు తిరిగిన అంచు మడత ఉంటుంది. రేకు మధ్య భాగాన్ని చేత్తోనో పైపు మీద అదిమో వంచుకోవచ్చు. అంచు అలా లొంగదు. నేరుగా మడిచిన అంచును వంపు తిప్పాలంటే అక్కడి లోహం కుదించుకోవాలి, లేదంటే సాగాలి. ఈ జత చేసేది సరిగ్గా ఆ పనే.

రెండూ చూడటానికి ఒకేలా ఉంటాయి. ఒక్కోదానిలో సన్నని పళ్ళున్న ఉక్కు దవడలు పైనొక జత, కింద ఒక జత ఉంటాయి. మీట లాగితే ముందు అవి రేకును గట్టిగా పట్టుకుంటాయి. ఇంకాస్త లాగితే ష్రింకర్‌లో ఒకదాని వైపు ఒకటి జరుగుతాయి, స్ట్రెచర్‌లో దూరంగా జరుగుతాయి. ఒక్కో పట్టులో జరిగేది చాలా కొంచెమే. సుత్తితో అంచును కుదించాలంటే ముందు చీర కుచ్చిళ్ళలా ముడతలు పెట్టి, వేడి చేసి, ఆ ముడతలను లోపలికి కొట్టాలి. విజయవాడ ఆటోనగర్‌లో గ్యాస్ మంట, తడిగుడ్డ, సుత్తి తప్ప మరేమీ లేకుండా ఆ పని చేసే మేస్త్రీలను చూశాను. ఆ చేతివాటం నాకు లేదు, ఉద్యోగం చేసుకుంటూ శనివారాలు పని చేసేవాడికి అది రావడానికి చాలా కాలం పడుతుంది. ష్రింకర్ ముడత పడనివ్వకుండానే, చల్లగానే, కొద్దికొద్దిగా లోహాన్ని కుదిస్తుంది.

దీని విలువ నాకు పూర్తిగా తెలిసింది గేర్‌బాక్స్ టన్నెల్ చేసినప్పుడే. గేర్‌బాక్స్ దించాల్సి వస్తే విప్పుకునేలా బోల్టులతో బిగించే టన్నెల్ కావాలనుకున్నాను. ముందు భాగం ఫైర్‌వాల్‌కు ఆనుకోవాలి కాబట్టి దాని చుట్టూ ముప్పాతిక అంగుళం అంచు బయటికి తిరగాలి. లోపలికి తిరిగితే ఇంజన్‌ను గేర్‌బాక్స్‌కు కలిపే గంట ఆకారపు బెల్ హౌసింగ్‌కు తగులుతుంది. 18 గేజ్ రేకును, అంటే దాదాపు 1.2 మిల్లీమీటర్ల మందాన్ని, రేకును మడిచే బ్రేక్ అనే యంత్రం మీద ఎల్ ఆకారంలో మడిచి పొడుగాటి పట్టీ చేశాను. అట్ట మీద కత్తిరించుకున్న నమూనాకు తగ్గట్టు ఆ పట్టీని వంచాలి. టన్నెల్ నడినెత్తిన వంపు పైకి ఉబ్బి ఉంటుంది. బయటికి తిరిగిన అంచు అక్కడ పొడుగవ్వాలి, కాబట్టి స్ట్రెచర్ పని. కాళ్ళ దగ్గర టన్నెల్ నేలకు కలిసేచోట వంపు ఎదురు తిరుగుతుంది. అదే అంచు అక్కడ పొట్టిదవ్వాలి, కాబట్టి ష్రింకర్ పని. ఒకే పట్టీ మీద రెండు యంత్రాలకూ పని పడుతుంది, అందుకే జతగా కొనమంటాను. ఒకటి కొని సరిపెట్టుకుందామనుకుంటే పని సగంలో ఆగుతుంది.

పద్ధతి ఇది. అంచు పొడవునా దవడ వెడల్పులో సగం చొప్పున జరుపుతూ తేలికపాటి పట్లు వేసుకుంటూ పోవాలి. ఒకసారి చివరిదాకా వెళ్ళాక అట్ట మీద పెట్టి చూడాలి. ఒకేచోట నిలబడి లాగితే అక్కడ కోణం విరిగినట్టు కనిపిస్తుంది, నునుపైన వంపు రాదు. వంపు ఎక్కువైందా, పక్క యంత్రంలో పెట్టి రెండు పట్లు వేస్తే వెనక్కి వస్తుంది. రేకు పనిలో ఇలా వెనక్కి తీసుకోగలిగిన పని అరుదు, నాకు ఈ యంత్రం మీద ఇష్టం పెరిగింది అందుకే. అలాగని అటూ ఇటూ ఆడిస్తూ ఉండకూడదు. ప్రతి పట్టుకూ లోహం కాస్త గట్టిపడుతుంది, మొండికేస్తుంది.

సాగదీసేటప్పుడు ఒక జాగ్రత్త తప్పదు. కత్తెరతో కోసిన అంచులో చిన్న గాటు ఉన్నా పగులు అక్కడే మొదలవుతుంది. యంత్రంలో పెట్టే ముందు అంచంతా ఆకురాయితో నున్నగా చేసి, వేలితో తడిమి చూసుకోవాలి. ఇది మానేసి రేకు నాణ్యతను తిట్టుకునేవాళ్ళను చూశాను.

ఇక లోపాలు. మొదటిది పళ్ళ గుర్తులు. రేకు రెండు వైపులా గరుకు గీతలు పడతాయి. లోపల దాగే అంచుకు ఫర్వాలేదు. బయటికి కనిపించే భాగమైతే ఆకురాయి పట్టి నున్నగా చేయాలి, దాంతో రేకు పలుచబడుతుంది. ఆ గుర్తులను అలాగే వదిలి పైన రంగు కొట్టడం నాకు నచ్చదు. మా మిషిగన్‌లో చలికాలమంతా రోడ్ల మీద ఉప్పు చల్లుతారు. తుప్పుకు ఆ గీతలు చాలు. నేను గ్రైండర్ మీద మెత్తని డిస్క్‌తో గుర్తులు తీసేసి, ఎపాక్సీ ప్రైమర్ కొట్టాకే ముక్కను కారులో పెడతాను.

రెండోది లోతు. మామూలు యంత్రంలో దవడలు అంచు నుంచి అంగుళం లోపలికే చేరతాయి. అంతకన్నా వెడల్పైన అంచును పెడితే చివర మాత్రమే కుదించుకుని, మడత దగ్గర అలలు తేలుతాయి. అందుకే అంచులన్నీ అర అంగుళానికీ ముప్పాతికకూ మధ్య ఉండేలా ముందే గీసుకుంటాను. మందం హద్దు కూడా గుర్తుంచుకోవాలి: మెత్తని ఉక్కు 18 గేజ్, అల్యూమినియం 16 గేజ్ దాకా. ఫ్రేమ్‌ను పెట్టెలా మూసే బాక్సింగ్ ప్లేట్లు, ఇంజన్ మౌంట్లు వంటి మందపాటి పనికి ఇది పనికిరాదు. వాటికి గ్రైండర్, డ్రిల్, వెల్డర్ చాలు.

మూడోది, చేతిమీట. ఒక చేత్తో మీట, ఇంకో చేత్తో పొడుగాటి రేకు పట్టుకోవడం నరకం. చదరపు పైపుతో స్టాండ్ వెల్డ్ చేసి కాలితో తొక్కే పెడల్ బిగించాక రెండు చేతులూ రేకుకే దొరికాయి, పని నాణ్యత ఒక్కసారిగా మారిపోయింది. ఈ జతకు ఎంత ఖర్చు పెడుతున్నారో, స్టాండ్‌కు అయ్యేదీ దానిలో భాగమేనని లెక్కేసుకోండి.

చౌకరకం యంత్రాన్ని కూడా కొంతకాలం వాడాను. దానిలో పై దవడలకూ కింది దవడలకూ వరుస కుదరక రేకు ఒక పక్కకు తిరిగిపోయేది, వెనక్కి లాగే స్ప్రింగులు తరచూ ఊడిపోయేవి. విప్పి, దవడల వెనక మిగిలిన లోహపు ముళ్ళు రుద్దేసి, గ్రీజు పెట్టి మళ్ళీ బిగిస్తే కొంత మెరుగైంది. కొనే ముందు విడి దవడలు దొరుకుతాయో లేదో చూసుకోండి. నా దృష్టిలో ధర కన్నా అదే ముఖ్యం. పళ్ళు అరిగాక యంత్రం జారుతుంది, ఎంత తొక్కినా రేకు కదలదు. రంగు, తుప్పు పొలుసు ఉన్న రేకును పెడితే పళ్ళు పూడుకుపోతాయి. అల్యూమినియం చేశాక వైర్ బ్రష్‌తో బాగా తోమకుండా ఉక్కును పెట్టకూడదు.

అంచు పట్టీ సిద్ధమయ్యాక దాన్ని టన్నెల్ రేకుకు టిగ్ అనే ఆర్క్ వెల్డింగ్‌తో అతుకుతాను. అంగుళంలో వెయ్యో వంతు మందానికి ఒక ఆంపియర్ అన్నది పాత లెక్క. 18 గేజ్‌కు ఆ లెక్కన 48 వస్తుంది, పెడల్‌తో దానికి లోపలే ఉంటాను. అతుకు చల్లారేటప్పుడు ముడుచుకుని రేకును లాగుతుంది, వెంటనే వెనక డాలీ అనే ఉక్కు దిమ్మ అడ్డం పెట్టి సుత్తితో అతుకును కొట్టి సాగదీయాలి. ఒక్క మాట గట్టిగా చెబుతాను: పళ్ళ గీతల్లో నూనె ఇరుక్కుని ఉంటుందని క్లోరిన్ ఉన్న బ్రేక్ క్లీనర్‌తో తుడిచి వెల్డింగ్ చేయకండి. ఆర్క్ వేడికి ఫాస్జీన్ అనే ప్రాణాంతక వాయువు పుట్టవచ్చు. అసిటోన్‌తో తుడవండి, పూర్తిగా ఆరనివ్వండి.

డెట్రాయిట్‌లో ఏటా జరిగే ఆటోరామా ప్రదర్శనకు వెళ్ళినప్పుడు నేను ముందు రంగు చూడను, వంగి అంచులు చూస్తాను. టన్నెల్ ఫైర్‌వాల్‌ను కలిసేచోట సందు లేకుండా, సీలెంట్ పూసి కప్పకుండా అంచు ఒదిగి ఉంటే ఆ కారు కట్టినవాళ్ళ మీద గౌరవం కలుగుతుంది.

హైదరాబాద్‌లో అంబాసిడర్, పాత విల్లీస్ జీపు బాగుచేసుకునే మిత్రులు ఇది తమకు పనికొస్తుందా అని అడిగారు. తప్పకుండా వస్తుంది. నేల రేకు మూలలు, చక్రం పైన ఆర్చి అంచు, తలుపు అడుగు అతుకులు అన్నీ ఈ కోవలోనివే. కానీ ఒక్క అతుకు కోసమే అయితే కొనకండి, మంచి టింకరింగ్ మేస్త్రీ చేతిలో పెట్టండి. ఫెండర్ లాంటి గుమ్మటం ఆకారం కావాలన్నా ఇది చేయదు, దానికి ఇంగ్లిష్ వీల్ లాంటిది కావాలి.

నా ష్రింకర్ దవడలు ఇప్పుడు అరిగాయి, 18 గేజ్ మీద జారడం మొదలైంది. మోడల్ ఏ కప్పు మధ్యలో కంపెనీ గుడ్డ కప్పే వదిలింది, అక్కడ ఉక్కు రేకు నింపడం నా తర్వాతి పని. దాని చుట్టూ అంతా వంపు అంచే కాబట్టి కొత్త దవడలు బిగించాకే మొదలుపెడతాను.