హిమాయత్‌నగర్‌లో లాయర్ కన్సల్టేషన్: అమెరికా కేసు కోసం వెళ్లాం

తమ్ముడు డల్లాస్‌లో ఎమ్మెస్ చదువుతున్నాడు. పోయిన నెల ఒక స్టోర్‌లో సెల్ఫ్ చెకౌట్ దగ్గర 140 డాలర్ల సామాను స్కాన్ చేయకుండా బయటికొచ్చాడని కేసు పెట్టారు. అమ్మ రెండు రోజులు అన్నం ముట్టలేదు. బాబాయేమో "మిస్‌డిమీనర్ అంటే చిన్న కేసేనమ్మా, ఒప్పేసుకుని ఫైన్ కట్టేస్తే పోతుంది" అన్నాడు, ఆ టెన్షన్‌లో మాకూ అదే నయమనిపించింది. అయినా మనసు ఒప్పక, అమెరికా కేసులు తెలిసిన ఒక అడ్వకేట్ దగ్గరికి నాన్నా నేనూ వెళ్లాం. ఫీజు పదిహేను వందలు.

ఆయన ముందు కాగితం మీద గీత గీసి చూపించారు. ఫెడరల్ చట్టంలో ఏడాదికి మించి జైలు పడే వీలున్న నేరం ఫెలనీ, ఏడాది, అంతకంటే తక్కువైతే మిస్‌డిమీనర్. చివరికి ఎంత శిక్ష వేశారన్నది కాదు, ఎంతవరకు వేయొచ్చన్నదే లెక్క. రాష్ట్రాల లెక్కలు వేరు. డల్లాస్ ఉన్న టెక్సస్‌లో దొంగతనానికి వస్తువు విలువే కొలత: 100 డాలర్ల లోపైతే ఫైనే, 100 నుంచి 750 లోపు క్లాస్ బి మిస్‌డిమీనర్, అంటే 180 రోజుల దాకా జైలు, ఆపైన 2,500 లోపు క్లాస్ ఎ, ఏడాది దాకా. 2,500 నుంచి ఫెలనీ. తమ్ముడిది క్లాస్ బి. "మన కాగ్నిజబుల్, నాన్ కాగ్నిజబుల్ లాంటిదేనా" అని నాన్న అడిగితే, కాదండీ, అది పోలీసులు వారెంట్ లేకుండా అరెస్ట్ చేయొచ్చా లేదా అన్న తేడా, దీన్ని దాంతో కలపొద్దు అన్నారు.

అసలు విషయం ఆ తర్వాత చెప్పారు. వీసా మీద ఉన్నవాడికి మిస్‌డిమీనర్ అయినా చిన్నది కాదు, ఎందుకంటే దొంగతనాన్ని ఇమిగ్రేషన్ వాళ్లు నైతికంగా దిగజారిన నేరాల కింద చూస్తారు. తప్పు ఒప్పుకుంటే కోర్టు శిక్ష ఖరారు చేయకుండా ప్రొబేషన్‌తో, అంటే కొంతకాలం షరతులతో నిఘాలో ఉంచి, వదిలేసే పద్ధతి టెక్సస్‌లో ఉంది, కానీ ఇమిగ్రేషన్ లెక్కలో అదీ శిక్ష పడినట్టేనట! బాబాయి మాట విని ఉంటే ఏమయ్యేదో తలుచుకుంటే ఇప్పటికీ గుండె దడ. ఒప్పుకుంటే దేశం నుంచి పంపించేసే ప్రమాదం ఉందేమో క్లయింటుకి చెప్పడం లాయర్ బాధ్యతేనని అక్కడి సుప్రీంకోర్టు 2010లోనే చెప్పిందట. అందుకే టెక్సస్‌లో ఇమిగ్రేషన్ కూడా తెలిసిన క్రిమినల్ లాయర్‌ని పెట్టుకోమన్నారు, "నేను అక్కడ వాదించలేను" అని సూటిగా చెప్పేశారు. అది నాకు బాగా నచ్చింది.

చెప్పిన టైమ్‌కి గంట ఆలస్యంగా పిలిచారు, రెండో అంతస్తుకి లిఫ్ట్ లేదు, నాన్న మోకాళ్లతో ఎక్కడానికి చాలా ఇబ్బంది పడ్డారు. ఒక స్టార్ అందుకే తీశాను. వెళ్లేవాళ్లు చార్జ్ పేపర్ ప్రింట్ తీసుకెళ్లండి, ఆయన ముందు చూసేది అందులో ఏ సెక్షన్, ఏ క్లాస్ రాశారన్నదే.