టెర్రకోట నగల కిల్న్‌కు ఏ కంట్రోలర్ మేలు?

ఇంట్లో టెర్రకోట నగలు చేసేవాళ్లు చిన్న ఎలక్ట్రిక్ కిల్న్ (మట్టిని కాల్చే కొలిమి) కొనబోతే, దాని వేడిని అదుపు చేసే కంట్రోలర్లు రెండు రకాలు ఎదురవుతాయి. ఒకటి మామూలు పిఐడి, అంటే వేడిని కొలుస్తూ కరెంటును సర్దే కంట్రోలర్. 950 అని పెడితే 950 డిగ్రీల దగ్గర నిలబెడుతుంది. రెండోది ప్రోగ్రామ్ పెట్టుకునేది. ఎంత వేగంగా ఎక్కాలో, ఎక్కడ ఎంతసేపు ఆగాలో దశలవారీగా దానికి చెప్పొచ్చు. చేరేది అదే 950 కదా, అదనంగా డబ్బెందుకు అనిపిస్తుంది. నేను మాత్రం రెండోదే కొనమంటాను, ఒక షరతు మీద.

పచ్చి మట్టి పగిలేది చాలావరకు కింది దశల్లోనే. పైకి ఆరినట్టున్న పూసలోనూ తేమ ఉంటుంది, వానాకాలం విజయవాడలో అయితే మరీను. 100 డిగ్రీలు దాటగానే ఆ తేమ ఆవిరై, బయటికి దారి లేక ముక్కను పగలగొడుతుంది. మట్టిలో రసాయనికంగా కలిసి ఉన్న నీరు ఆ తర్వాత, సుమారు 600 లోపు పోతుంది. 573 దగ్గర మట్టిలోని క్వార్ట్జ్ అనే ఖనిజం ఒక్కసారిగా ఉబ్బుతుంది. మామూలు పిఐడికి ఇవేవీ తెలియవు. లక్ష్యం దూరంగా ఉన్నంతసేపూ కాయిల్‌కు పూర్తి కరెంటు ఇస్తూనే ఉంటుంది.

దానితో పని జరగదని కాదు. మనమే అరగంటకోసారి 50 డిగ్రీలు పెంచుతూ పోతే గంటకు 100 చొప్పున ఎక్కుతుంది. కానీ నేను పెట్టే ప్రోగ్రామ్ చూడండి: 30 నుంచి 90కి ఒక గంట, అక్కడ రెండు గంటలు ఆగడం, 600 వరకు గంటకు 100, 950 వరకు గంటకు 150, చివర 15 నిమిషాలు. మొత్తం 10 గంటల 41 నిమిషాలు. మే నెల ఎండలో కిల్న్ పక్కన అంతసేపు ఎవరు కూర్చోగలరు?

ప్రోగ్రామ్ పెట్టే పద్ధతులూ రెండున్నాయి. కొన్ని కంట్రోలర్లు వేగం అడుగుతాయి, కొన్ని నిమిషాలు అడుగుతాయి. నిమిషాల రకంలో 90 నుంచి 600కి 306 అని మనమే లెక్క కట్టి పెట్టాలి. వేగం అడిగేదే నయం. ముక్కలు మందంగా ఉంటే ఆ వేగం ఒక్కటి తగ్గిస్తే సరిపోతుంది.

ఇక నా షరతు కరెంటు గురించి. కొనేముందు రెండు సంగతులు అడగండి. కరెంటు పోయి వస్తే ఏం చేస్తుంది? మళ్లీ మొదటి దశకు వెళ్లేదైతే, 800 దగ్గరున్న కిల్న్‌ను 30కి తేవాలని చూస్తుంది, కాయిల్‌కు కరెంటే ఇవ్వదు. ఆగిన చోటి నుంచి సాగేది కావాలి. రెండోది, వేడి వెనకబడితే ప్రోగ్రామ్ కూడా ఆగుతుందా? వేసవి రాత్రి వీధిలో ఏసీలన్నీ వేస్తే, 230 ఉండాల్సిన వోల్టేజి 200కి పడిపోయిందనుకోండి, కాయిల్ వేడి దాదాపు నాలుగో వంతు తగ్గిపోతుంది. వేడి వోల్టేజి వర్గాన్ని (స్క్వేర్) బట్టి ఉంటుంది మరి. అలా ఆగడాన్ని హోల్డ్‌బ్యాక్ అంటారు, అది ఉన్న కంట్రోలర్ వేడి అందుకునే దాకా ఆగుతుంది. అది లేకపోతే నిమిషాలు లెక్కపెట్టుకుంటూ పోయి, 950 చేరకుండానే ప్రోగ్రామ్ ముగించేస్తుంది. నగలు సరిగా కాలవు. ఈ రెండూ లేని ప్రోగ్రామ్ కంట్రోలర్ కంటే, దగ్గరుండి నడిపే మామూలు పిఐడియే మేలు.

ఏది కొన్నా వైరింగ్ చూసుకోండి. కిల్న్ లోపలి వేడిని కొలిచే కె-టైప్ థర్మోకపుల్‌ను పొడిగించాల్సి వస్తే కె-టైప్ వైరే వాడాలి. మామూలు రాగి వైరు అతికిస్తే అంకె తప్పు చూపిస్తుంది. కిల్న్‌లకు వాడే ఎస్‌ఎస్‌ఆర్ (కాయిల్‌కు కరెంటు ఇచ్చి ఆపే ఎలక్ట్రానిక్ స్విచ్) పాడైతే చాలాసార్లు ఆన్‌లోనే ఉండిపోతుంది. అప్పుడు కంట్రోలర్ ఆపమన్నా కరెంటు ఆగదు. అందుకని 1000 దాటితే మొత్తం సప్లైని కట్ చేసేలా, విడిగా ఇంకో థర్మోకపుల్, లిమిట్ కంట్రోలర్‌తో ఒక కాంటాక్టర్ (పెద్ద కరెంటును ఆపే స్విచ్) పెట్టించండి. అది పెట్టించాక కూడా కాలుతున్న కిల్న్‌ను వదిలి బయటికి వెళ్లకండి.