పట్టుబడ్డ ట్యాంకుల ఊరిలో మామయ్యగారితో రెండు రోజులు

మామయ్యగారికి ఐఫిల్ టవరు పావుగంటలో అయిపోయింది. "రివెట్లు బాగా కొట్టారు" అని, ఇక కాఫీ ఎక్కడ దొరుకుతుందని అడిగారు. సికింద్రాబాద్‌లోని ఈఎంఈ సెంటర్‌లో (సైన్యపు బండ్లు, యంత్రాలు బాగుచేసే విభాగం) శిక్షణ పొంది, ఇరవై నాలుగేళ్లు విజయంత, టీ-55 ట్యాంకుల ఇంజన్లు విప్పి బిగించిన మనిషి. ఆయనకు మ్యూజియంలో బొమ్మలు చూపించి లాభం లేదని అప్పుడే అర్థమైంది. ఆ రాత్రే, ట్యాంకుల మ్యూజియం ఉన్న సోమూర్ అనే ఊరికి టిక్కెట్లు తీశాను.

పారిస్ మోంపార్నాస్ స్టేషన్ నుంచి ఆంజే దాకా వేగం బండి, గంటన్నర. అక్కడ ప్రాంతీయ రైలు మారితే అరగంట లోపే సోమూర్. స్టేషన్ లువార్ నదికి ఉత్తరం ఒడ్డున, ఊరు దక్షిణం ఒడ్డున, ట్యాంకుల మ్యూజియం ఊరికి ఆ చివరన. మొత్తం మూడు కిలోమీటర్ల పైమాటే. శనివారం బస్సు దొరికింది, ఆదివారం దొరకలేదు. మోకాళ్ల నొప్పులున్న పెద్దవాళ్లతో వెళ్లేవారు ఆదివారం టాక్సీ ముందురోజే మాట్లాడి పెట్టుకోవాలి. మేము నడిచాం. వంతెన మీద నది గాలికి మామయ్యగారు గోదావరిని తలచుకున్నారు కాబట్టి నన్ను ఏమీ అనలేదు.

ఇది గుర్రాల ఊరు. ఫ్రెంచి అశ్వికదళ పాఠశాల ఇక్కడిదే. 1940 జూన్‌లో ప్రభుత్వం సంధి మాట్లాడుతుండగానే ఆ పాఠశాల కుర్రాళ్లు లువార్ వంతెనల దగ్గర జర్మన్లను రెండు మూడు రోజులు ఆపారు. కోట, రాతి ఇళ్లు, సుద్దరాయి కొండల్లో తొలిచిన గుహల్లో పుట్టగొడుగుల పెంపకం, బుడగలు పొంగే వైన్... ఇవన్నీ ఉన్నాయి. కోట ఒక గంటలో చూసేయవచ్చు. దాని పైనుంచి నది కనిపించే తీరు మాత్రం ఆ గంటకు సరిపడా ఉంటుంది.

మ్యూజియం ఒక పాత పొగాకు కర్మాగారంలో ఉంది. 1977లో కర్నల్ మిషెల్ ఓబ్రీ మొదలుపెట్టిన సేకరణ ఇది, 1993లో ఈ భవనానికి మారింది. 800కు పైగా వాహనాలున్నాయట, హాళ్లలో రెండు వందల దాకా కనిపిస్తాయి. నేల చదును, మెట్ల బాధ లేదు. ఇద్దరికీ కలిపి టిక్కెట్టు ఊర్లో ఒక పూట భోజనం కన్నా తక్కువే అయింది. చాలామంది సగం రోజు చాలంటారు. లోపలికి పోయాక మామయ్యగారికి రోజంతా చాలలేదు.

జనమంతా జర్మన్ హాలులో కింగ్ టైగర్ అనే భారీ ట్యాంకు చుట్టూ మూగుతారు. ప్రపంచంలో సొంత ఇంజనుతో నడిచే కింగ్ టైగర్ ఇదొక్కటే అంటారు. 1944 ఆగస్టులో సీన్ నది దగ్గర సిబ్బంది వదిలేసి పోయిన బండి. మామయ్యగారు దాని ముందు రెండు నిమిషాలు నిలబడి, పక్కనున్న పాంథర్ ట్యాంకు దగ్గరకు పోయి చక్రాల వరసల మధ్య తల దూర్చారు. "బాబూ, లోపలి చక్రం పాడైతే బయటివి ఎన్ని విప్పాలో చూశావా? దీన్ని గీసినవాడు ఒక్కరోజైనా పానా పట్టుకున్నాడా?"

ఆ పాంథర్ కథ ఆయనకు చెప్పాను. యుద్ధం ముగిసేసరికి ఫ్రాన్సులో ట్యాంకులు చేసే కర్మాగారాలు దెబ్బతిని ఉన్నాయి. సైన్యం చేతిలో ఉన్నవి అమెరికా ఇచ్చిన షెర్మన్ ట్యాంకులు. బరువైన ట్యాంకు కావాలంటే దారుల పక్కన, డిపోలలో జర్మన్లు వదిలేసిన పాంథర్లే దిక్కు. వాటిని ఏరి తెచ్చి, దాదాపు 50 బండ్లను 503వ ట్యాంకు రెజిమెంటుకు ఇచ్చారు. 1950 ప్రాంతంలో సొంత ట్యాంకు ఏఆర్‌ఎల్-44 చేతికొచ్చేవరకు ఇవే దిక్కు. ఓడిపోయినవాడి బండి మీద ఫ్రెంచి గుర్తు వేసుకుని కవాతు చేశారన్నమాట.

"విడిభాగాలు?" అన్నది ఆయన మొదటి ప్రశ్న. నేను ఊహించినదే. అక్కడే తంటా వచ్చింది. 1947లో ఫ్రెంచి వాళ్లు పాంథర్ మీద ఒక నివేదిక రాశారు. ఫిరంగిని మెచ్చుకున్నారు. కానీ ఇంజను శక్తిని పళ్లచక్రానికి అందించే చివరి గేరు పెట్టె సగటున 150 కిలోమీటర్లకే అలసిపోతుందని తేల్చారు. ఆ అంకె విని మామయ్యగారు చాలాసేపు నవ్వారు. "నూట యాభైయా? పెళ్లివారి బస్సు కూడా అంతకన్నా నయం." తర్వాత నవ్వు ఆపి, "అయితే మూడు బండ్లు విప్పి ఒకటి నడిపి ఉంటారు. మేమూ అంతే. కానిబలైజ్ చేయడమంటాం" అన్నారు. ఆయన గొంతులో ఆ మెకానిక్కుల మీద అభిమానం వినిపించింది.

ఏఆర్‌ఎల్-44 కూడా ఇక్కడ ఉంది. అరవై మాత్రమే చేశారు. దాని కడుపులో ఉన్నది పాంథర్‌లో వాడిన మేబాక్ ఇంజనే. ఆ పక్క హాలులోని సోముయా ట్యాంకు ఇంకో చిత్రం. 1940కి ముందు ఫ్రెంచివాళ్లు చేసిన బండి ఇది. ఓటమితో వందలకొద్దీ జర్మన్ల చేతికి చిక్కాయి, వాళ్లు తమ గుర్తులు వేసి వాడుకున్నారు. 1944లో మిగిలిన కొన్నిటిని ఫ్రెంచివాళ్లు తిరిగి పట్టుకుని జర్మన్ల మీదకే తోలారు.

నేను ముందే దాచిపెట్టుకున్న బండి మాత్రం మధ్యాహ్నం చూపించాను. ఏఎమ్ఎక్స్-13. చిన్నది, పొట్టిది, 13 టన్నుల తేలిక ట్యాంకుగా మొదలైంది. దాని 75 మిల్లీమీటర్ల పొడవాటి ఫిరంగి పాంథర్ ఫిరంగిని అధ్యయనం చేసి రూపొందించినదే. రెండో ప్రపంచ యుద్ధంలో మిగిలిపోయిన షెర్మన్లలో ఇజ్రాయెల్ బిగించుకున్నదీ ఆ ఫిరంగినే. ఏఎమ్ఎక్స్-13లను మన దేశమూ కొన్నది. 1962 చైనా యుద్ధంలో ‘20 లాన్సర్స్’ అనే రెజిమెంటు ట్యాంకులను ఏఎన్-12 విమానాల్లో లద్దాఖ్‌లోని చుషూల్ చేర్చారు. 1965 సెప్టెంబరు 1న జమ్మూ వైపున్న ఛంబ్‌లో పాకిస్తాన్ ప్యాటన్ ట్యాంకులకు ఎదురు నిలిచినవి కూడా ఇవే.

మామయ్యగారు సర్వీసులో చేరేనాటికి ఇవి పక్కకు తప్పుకున్నాయి. పేరు మాత్రం పెద్ద ఉస్తాదుల నోట విన్నారు. ఫిరంగి కింద చేయి ఆనించి నిలబడ్డారు. "మనవాళ్లు పేల్చినది జర్మన్ గొట్టమా!" అని తెలుగులో గట్టిగా అనేసరికి పక్కనున్న ఫ్రెంచి కుటుంబం తిరిగి చూసింది. జర్మన్ గొట్టం కాదు, దాని మనవడు అని సరిదిద్దాను. వినిపించుకోలేదు.

అహ్మద్‌నగర్‌లో (ఇప్పుడు అహిల్యానగర్ అంటున్నారు) మన సైన్యపు ట్యాంకుల మ్యూజియానికి కిందటేడు ఆయనే నన్ను తీసుకెళ్లారు. ఆరుబయట చెట్ల నీడన పట్టుబడ్డ ప్యాటన్లు, బర్మా యుద్ధం నాటి జపాన్ ట్యాంకులు ఉంటాయి. రెండిటిలో ఏది గొప్ప అంటే, దగ్గరగా తిరిగి చూడటానికి, ఖర్చుకు అహ్మద్‌నగర్. ఒక బండి ఎలా మరో బండిగా మారిందో చూడటానికి సోమూర్. మన ప్యాటన్లు హైదరాబాద్ ట్యాంక్‌బండ్ దగ్గరి దానిలాగా దిమ్మెల మీదకెక్కాయి. (ఆ ట్యాంకు వల్లే ట్యాంక్‌బండ్‌కు ఆ పేరు వచ్చిందనుకునే పిల్లలను నేను ఎరుగుదును.) "మనకు అప్పటికి సొంత బండ్లు ఉన్నాయి కాబట్టి దిమ్మె కట్టాం. వీళ్లకు లేవు కాబట్టి తోలారు" అన్నారు ఆయన. ఆ వెంటనే చిన్నప్పటి కథ మొదలైంది. వాళ్ల ఊరి కరణంగారికి ఒక మిలిటరీ డిస్పోజల్ జీపు ఉండేదట. అమెరికావాళ్లు వదిలిపోయిన బండి, దాన్ని తోయడానికి ఊరి కుర్రాళ్లంతా పోటీపడేవారట.

బస సంగతి. మొదటి రాత్రి స్టేషన్ దగ్గర ఒక చవక హోటల్, 68 యూరోలు. రాత్రి ఎనిమిది దాటితే కౌంటరులో మనిషి ఉండడు, తలుపు తెరిచే అంకెలు ఫోనుకు పంపుతామన్నారు. పది దాటాక వచ్చాయి. లిఫ్టు పనిచేయలేదు, గది మూడో అంతస్తు. రెండో రాత్రి ఊళ్లో ఒకరి ఇంట్లోనే అద్దె గది తీసుకున్నాం, 85 యూరోలు. తెల్లని సుద్దరాయి గోడలు, చల్లదనం, పెరట్లో అత్తి చెట్టు. ఇంటావిడ మామయ్యగారి ఉప్మా పొట్లానికి నీళ్లు కాచి ఇచ్చి, తానూ ఒక చెంచా రుచి చూసింది. పదిహేడు యూరోల తేడాకు వెనకాడకండి.

తిండి దగ్గర ఒక హెచ్చరిక. మధ్యాహ్నం రెండు దాటితే వంటగదులు మూసేస్తారు, ఎంత బతిమాలినా వినరు. మొదటి రోజు మాకు చిప్సే భోజనం. శాకాహారులకు ఇక్కడ ఫువే అనే చిన్న రొట్టెలు దొరుకుతాయి. కట్టెల పొయ్యిలో పూరీలా పొంగుతాయి, కడుపు చీల్చి బొబ్బర్లలాంటి తెల్ల గింజలో పుట్టగొడుగులో కూరుకుని తినడమే. మామయ్యగారు ఏడు తిన్నారు, పచ్చడి లేని లోటు చెప్పుకుంటూనే.

తిరుగు రైలులో ఆయన ఏఎమ్ఎక్స్-13 ఫొటోను పాత మిత్రుల వాట్సాప్ గుంపులో పెట్టారు. ఆంజే రాకముందే జవాబు వచ్చింది, ఎనభై దాటిన ఒక మాజీ సవారు (ట్యాంకు రెజిమెంటు జవాను) నుంచి. ఫిరంగి పుట్టుక గురించి ఆయనేమీ అడగలేదు.

"లోపల కూర్చోనిచ్చారా? మోకాళ్లు ఇప్పటికీ గడ్డానికి తగులుతున్నాయా?"