గాజు పెట్టెలో పెట్టుకునే 1851 నేవీ రివాల్వర్: కొనొచ్చా?

ముందే చెప్పేస్తే మంచిది, ఇది పేలదు. పేలేలా మార్చడానికీ వీల్లేదు. అమెరికా కోల్ట్ కంపెనీ చేసిన పాతకాలపు 1851 నేవీ రివాల్వర్‌కి జింకు మిశ్రమంతో పోతపోసిన అలంకార నమూనా ఇది. గొట్టం మూతి దగ్గర రంధ్రం కనిపిస్తుంది గానీ అగ్గిపుల్ల దూరిస్తే సగంలోనే ఆగిపోతుంది. మందూ గుండూ నింపే, గుండ్రంగా తిరిగే సిలిండర్‌లో ఆరు గదులూ పైపై గుంటలే. జింకు మిశ్రమం నాలుగు వందల డిగ్రీల లోపే కరిగిపోతుంది, తుపాకీ మందు మంట అంతకి ఎన్నో రెట్లు వేడి. కాబట్టి "కాస్త డ్రిల్ వేయిస్తే సరి" అనే మహానుభావుల మాట వినొద్దు. వేళ్లు పోతాయి, కేసూ పడుతుంది.

అసలుది కావాలనుకునే వాళ్లకి సంగతి ఇదీ. ఇటలీలో ఉబెర్టి, పియెట్టా కంపెనీలు నిజంగా పేలే నకళ్లు చేస్తాయి. అమెరికాలో 1968 నాటి చట్టం ఈ తరహా పాతకాలపు తుపాకులనీ, వాటి నకళ్లనీ మామూలు తుపాకుల లెక్కలోంచి తీసేసింది, అందుకే అక్కడి వీడియోల్లో అంత ధీమాగా కాలుస్తుంటారు. మన దగ్గర 1959 ఆయుధాల చట్టం కింద అదీ తుపాకీయే, లైసెన్సు లేకుండా ఇంట్లో ఉండకూడదు. బెజవాడలో ఉండి ఈ బొమ్మ మీద మోజు పడేవాడికి పేలని నమూనాయే దారి. దాన్ని కూడా బిల్లు మీద "పేలని అలంకార వస్తువు" అని స్పష్టంగా రాయించుకుని తీసుకోండి.

ఈ తరహా రివాల్వర్ ఎలా పనిచేసేదో తెలిస్తేనే నమూనాలో ఏది సరిగ్గా ఉందో, ఏది ఉత్తుత్తిదో తెలుస్తుంది. నాటు తుపాకీ చూసినవాళ్లకి సగం పాఠం వచ్చేసినట్టే. అక్కడ గొట్టం మూతిలోంచి మందు పోసి, గుండు వేసి, గజం అనే ఊచతో కూరతారు. ఇక్కడ అదే పని సిలిండర్‌లోని ఆరు గదులకీ విడివిడిగా జరుగుతుంది. గజం బదులు గొట్టం కింద మడతపడి ఉండే మీట ఉంటుంది. సూరేకారం, బొగ్గు, గంధకం కలిసిన మందు ఇరవై గ్రెయిన్లు, అంటే గ్రాము మీద మూడో వంతు, గదిలో పోసేవారు. దాని మీద గదికన్నా వెంట్రుకవాసి లావున్న సీసం గుండు పెట్టి మీటతో అదిమితే అంచున సన్నటి సీసపు ఉంగరం చెక్కుకుని ఊడిపడేది. ఆ ఉంగరం ఊడిందంటే గుండు బిగుసుకున్నట్టు. ఆఖరున గదుల వెనకవైపు నిపుల్ అనే సన్నటి మొనల మీద చిన్న రాగి టోపీలు పెట్టేవారు, అవే క్యాపులు. వెనకున్న హ్యామర్, అంటే సుత్తి లాంటి భాగం, కొడితే అవి పేలి మందుని అంటించేవి. (దీన్ని "నల్లమందు రివాల్వర్" అని అనువదించిన వాళ్లున్నారు. తెలుగులో నల్లమందంటే అభిని, దయచేసి తుపాకీ మందు అనండి.)

గుండు వదులైనా, క్యాపు సరిగ్గా కూర్చోకపోయినా ఒక గది నిప్పు పక్క గదికి పాకి రెండు మూడు ఒకేసారి పేలేవి. అందుకే గుండు మీద కొవ్వు పూసేవాళ్లు. పేలిన క్యాపు ముక్కలు లోపలి యంత్రంలో పడి ఇరుక్కోవడం కోల్ట్‌కి పుట్టుకతో వచ్చిన జబ్బు. మూతి ఆకాశంవైపు ఎత్తి హ్యామర్ లాగడం అప్పట్లో కాల్చేవాళ్లకి అలవాటైంది అందుకే, ముక్క వెనక్కి జారిపోతుందని.

ఇక చేతిలో ఉన్న ముక్క. ఎనిమిది పలకల గొట్టం పొడవు ఏడున్నర అంగుళాలు, అసలు దానికి సరితూగింది. బరువు వంటింటి త్రాసులో కిలోకి కాస్త తక్కువ. అసలుది కిలో రెండు వందల గ్రాముల దాకా ఉంటుంది, కాబట్టి చేతిలో తేలిక తెలుస్తుంది. ఫ్రిజ్‌కి అంటించే అయస్కాంతం పెడితే స్ప్రింగులకీ మరలకీ తప్ప ఎక్కడా పట్టదు. కొనేచోట ఇదే మొదటి పరీక్ష. గొట్టానికి పట్టిందంటే మీ ముందున్నది అలంకార వస్తువు కాకపోవచ్చు. అక్కడే వదిలేసి వచ్చేయండి.

తప్పు పట్టాల్సింది ఫ్రేము రంగు. పసుపుగా ఇత్తడిలా మెరిపించారు. కోల్ట్ నేవీలో ట్రిగ్గర్ కాపు, పిడి వెనక పట్టీ ఇత్తడివి. ఫ్రేము మాత్రం ఇనుముదే, గట్టిపరిచి రంగురంగుల మరకలు తేలేలా చేసేవాళ్లు. ఇత్తడి ఫ్రేము అనగానే గుర్తొచ్చేది అమెరికా అంతర్యుద్ధంలో దక్షిణాది రాష్ట్రాలకి జార్జియాలోని గ్రిస్‌వోల్డ్ కర్మాగారం చేసిన నకళ్లు. ఇనుము దొరక్క ఇత్తడి వాడారు. 1864లో ఉత్తరాది సేనాని షెర్మన్ సైన్యం దాన్ని తగలబెట్టే దాకా మూడున్నర వేలకి పైగా చేశారు. అయితే వాటి గొట్టం గుండ్రటిది. ఈ నమూనాలో ఇత్తడి ఫ్రేము ఒకరిది, పలకల గొట్టం ఇంకొకరిది. తెలిసినవాడి కంటికి పట్టుపంచె మీద టీషర్టులా ఉంటుంది. రంగు మరీ ఇబ్బందనిపిస్తే ఉక్కు రంగు ఫ్రేముతో వచ్చేదే వెతకండి.

సిలిండర్ చుట్టూ ఓడల యుద్ధం బొమ్మ ఉంది. అసలు నేవీ పేరు వచ్చిందే దాన్నుంచి. 1843 మే 16న టెక్సాస్ నౌకాదళం మెక్సికో ఓడలతో తలపడిన దృశ్యం అది, ఆ తేదీ సిలిండర్ మీదే చెక్కి ఉండేది. ఇక్కడ పోతలో సగం గీతలు పూడిపోయాయి. తెరచాపలు తెలుస్తాయి, తేదీ మాత్రం భూతద్దానికీ దొరకదు.

ఈ ముక్కకి పెట్టిన డబ్బు హ్యామర్ దగ్గర దక్కింది. బొటనవేలితో మెల్లగా లాగితే ఒక క్లిక్కుకి సగం దూరంలో ఆగుతుంది. అప్పుడు సిలిండర్ చేత్తో తిప్పితే గిరగిరా తిరుగుతుంది. అసలు దాంట్లో మందు కూరేది ఈ స్థితిలోనే. ఇంకా లాగితే రెండో క్లిక్కు, సిలిండర్ అరవై డిగ్రీలు తిరిగి టక్కున లాక్ అవుతుంది. ఈ లాకునే జాగ్రత్తగా చూడాలి. కింద నుంచి లేచే చిన్న బోల్టు గాడికి కాస్త ముందున్న వాలులో దిగాలి. తొందరపడి దిగితే సిలిండర్ చుట్టూ గీత గీసుకుంటూ పోతుంది. షాపులో ఆరు గదులూ తిప్పి చూడండి. చుట్టూ వలయంలా మెరిసే గీత కనబడితే టైమింగ్ చెడింది, వేరేది అడగండి. ఈ నమూనాలో ఐదు గదులకి బాగానే దిగింది, ఆరో దానికి కాస్త వెనకబడింది. పూర్తిగా లాగాక సిలిండర్‌ని వేళ్లతో కుదిపితే కొంచెం ఆడింది కూడా. పోత ముక్కలో ఇంతకన్నా ఆశించలేం.

ఊరికే టక్ టక్‌మని ట్రిగ్గర్ నొక్కుతూ ఆడొద్దు. లోపల ట్రిగ్గర్ మొన వచ్చి కూర్చునే గాడి కూడా మెత్తటి జింకే. అంచు అరిగితే హ్యామర్ పైకి లాగినా నిలబడదు, జారి పడిపోతుంది. అది బాగుచేసేది కాదు, ఇక పెట్టెలో పెట్టుకోవడమే. దించేటప్పుడు హ్యామర్‌ని బొటనవేలితో పట్టుకుని, ట్రిగ్గర్ నొక్కి, మెల్లగా వదలండి. ఇంటికొచ్చిన పిల్లల చేతికి ఇస్తే ఒక్క ఆదివారం చాలు.

పెద్ద నిరాశ వెడ్జ్. కోల్ట్ ఓపెన్‌టాప్ (సిలిండర్ పైన పట్టీ లేని) రివాల్వర్ మొత్తాన్ని పట్టి ఉంచేది గొట్టం అడుగున అడ్డంగా దూరే ఆ చిన్న చీల ఒక్కటే. అసలు దాంట్లో హ్యామర్ సగం లాగి, కుడివైపున్న స్ప్రింగు నాలుక నొక్కి, చెక్క సుత్తితో చీలని ఎడమకి తట్టేవారు. తర్వాత గుండు కూరే మీటని రెండు గదుల మధ్య గోడకి ఆనించి నొక్కితే గొట్టం ముందుకి జారి వచ్చేసేది. తుపాకీ మూడు ముక్కలయ్యేది. కాల్చిన సాయంత్రమే విప్పి వేడినీళ్లు, సబ్బుతో కడిగి, ఆరబెట్టి నూనె రాయాలి. మందు మసి గాలిలో తేమ పీల్చి ఒక్క రాత్రిలో తుప్పు పట్టిస్తుంది. ఇక్కడ వెడ్జ్‌ని గొట్టంతో కలిపే పోసేశారు. సుత్తితో తడితే ఊడదు, పగులుతుంది. విప్పడం నేర్చుకుందామనుకునే వాళ్లకి ఈ నమూనా పనికిరాదు.

పిడి చెక్క కాదు, చెక్క రంగు ప్లాస్టిక్. అసలుది ఒకే వాల్‌నట్ ముక్క. చెయ్యి తిరిగిన వడ్రంగికి పాతది ఇస్తే అదే కొలతకి టేకుతో చేసిపెడతాడు. కొండపల్లి బొమ్మల పొణికి చెక్క మాత్రం వద్దు, మరీ మెత్తన.

శుభ్రం చేయడంలో మనవాళ్లు చేసే తప్పు ఒకటుంది. పసుపుగా కనిపించగానే ఇత్తడి బిందెకి పెట్టినట్టు చింతపండు పెట్టి తోమేస్తారు, లేదా బ్రాస్సో రాస్తారు. అది ఇత్తడి కాదు, పైన పల్చటి పూత. రెండు తోముళ్లకి పూత లేచి కింద బూడిద రంగు జింకు బయటపడుతుంది, చింతపండు పులుపు దాన్నీ తినేస్తుంది. మెత్తటి పొడి గుడ్డ చాలు. కదిలే చోట కుట్టుమిషన్ నూనె ఒక్క చుక్క. కొబ్బరినూనె రాస్తే కొన్నాళ్లకి జిగురై దుమ్ము పట్టేస్తుంది. వానాకాలంలో జింకు మీద తెల్లటి పొడి పూస్తుంది, మరలకి తుప్పు వస్తుంది. గాజు పెట్టెలో రెండు సిలికా జెల్ సంచులు పడేసి, జూన్‌లో ఒకసారి, అక్టోబరులో ఒకసారి మార్చండి.

ధర ఎనిమిది వేలు దాటితే ఈ పోతకి ఎక్కువే. అదే డబ్బుకి 1858 రెమింగ్టన్ నమూనా దొరికితే దానివైపే మొగ్గండి. సిలిండర్ మీదుగా పట్టీ ఉన్న గట్టి ఫ్రేము దానిది, వెడ్జ్ గొడవే లేదు. ఫొటోకి మాత్రం నేవీయే అందం. షార్ట్ ఫిల్ముల వాళ్లు బందరు రోడ్డు మీద దీన్ని చేత్తో ఊపుతూ తీసేకన్నా ముందు పోలీసులకి చెప్పి అనుమతి తీసుకోవడం మంచిది. దూరం నుంచి చూసేవాళ్లకి జింకో ఉక్కో తెలియదు. గన్నవరంలో విమానం ఎక్కేటప్పుడు చేతిసంచిలో అసలే వద్దు, నమూనా అన్నా లోపలికి రానివ్వరు.