పారిస్‌లో జిప్సీ జాజ్ గిటార్: ఎక్కడ వినాలి, ఎక్కడ ఉండాలి

పారిస్‌లో జిప్సీ జాజ్, అంటే రోమా సంగీతకారులు గిటార్ ప్రధానంగా వాయించే జాజ్, వినాలనుంటే ముందే ఖరీదైన క్లబ్బుల జోలికి పోకండి. శనివారమో ఆదివారమో మధ్యాహ్నం సాంతువాఁలోని పాత సామాన్ల సంతకు వెళ్ళండి. నాలుగో నంబరు మెట్రోలో పోర్త్ ద క్లిన్యాంకూర్ దగ్గర దిగి కాసేపు నడిస్తే ‘లా షోప్ దే ప్యూస్’ అనే చిన్న బారు వస్తుంది. గోడల నిండా గిటార్లూ పాత ఫొటోలే. తొందరగా వెళ్ళి, వాయించేవాళ్ళ చేతులు కనిపించే చోట కూర్చోవాలి. సరుకంతా ఆ చేతుల్లోనే ఉంది.

ఈ సంగీతంలో సాధారణంగా డ్రమ్స్ ఉండవు, తాళం భారం గిటారే మోస్తుంది. నేను చూసిన తాళగాడు మణికట్టు వంచి, చెయ్యి గిటారుకు ఆనించకుండా రోకటి పోటులా వాయిస్తున్నాడు. ప్రతి నాలుగు దెబ్బల్లో రెండోదీ నాలుగోదీ పడగానే ఎడమచేతి వేళ్ళు సడలించి మోతను అక్కడికక్కడే నొక్కేస్తాడు. పక్కన సోలో వాయించేవాడి చేతిలోని మీటుబిళ్ళ (ప్లెక్ట్రమ్) ఒక తీగను మీటి కింది తీగ మీద ఆగుతుంది, అక్కడినుంచే మళ్ళీ లేస్తుంది. మైకు లేకపోయినా ఆ స్వరం గది చివరిదాకా వినిపించడానికి కారణం అదే. అందరూ సోలోకే చప్పట్లు కొట్టారు. నా ఓటు మాత్రం తాళగాడికే.

ఈ బాణీకి మూలపురుషుడు జాంగో రైన్‌హార్ట్. 1928లో కాపురముంటున్న బండికి నిప్పంటుకుని ఎడమచేతి చివరి రెండు వేళ్ళు దాదాపు పనికిరాకుండా పోయాయి. మిగిలిన రెండు వేళ్ళతోనే సోలోలు వాయించాడు. 1934లో స్టెఫాన్ గ్రాపెల్లి వయొలిన్‌తో కలిసి కట్టిన బృందంలో ఆయన వెనక తాళానికి మరో రెండు గిటార్లుండేవి.

ఆయన చివరి రోజులు గడిపిన సామ్వా పల్లె చూడాలంటే గార్ ద లియోన్‌లో రైలెక్కి ఫోంతేన్‌బ్లో-ఆవోన్‌లో దిగాలి, ముప్పావుగంట లోపే. ఆ స్టేషను నుంచి ఇంటికి నడిచొస్తూనే 1953 మే 16న జాంగో కుప్పకూలాడు. అప్పటికి 43 ఏళ్ళు. సమాధి ఊళ్ళోనే ఉంది. ఊరు సేన్ నది ఒడ్డున అందంగా ఉంటుంది కానీ, మామూలు రోజుల్లో ఒక పూట చాలు. స్టేషను నుంచి ఊరికి బస్సులు అరుదు, తిరుగు బస్సు వేళ చూసుకోకుండా బయల్దేరకండి.

జాంగో పేరిట సామ్వాలో జరిగే వేసవి సంగీతోత్సవం 2016 వరదల తర్వాత ఫోంతేన్‌బ్లో కోట తోటకు మారింది. వేదిక మీద పెద్ద పేర్లుంటాయి, వాటికి టికెట్టు పెట్టొచ్చు. అయితే అసలు విద్య క్యాంపు మైదానాల్లో, గుడారాల మధ్య, అర్ధరాత్రి దాటినా సాగుతూనే ఉంటుంది. నిద్ర ముఖ్యమనుకునేవాళ్ళు అక్కడ దిగొద్దు, ఆవోన్‌లో స్టేషను పక్క గది తీసుకోండి. మేం దిగిన హోటల్లో ఏసీ లేదు, జూన్ ఎండకి ఉడికిపోయాం. బుక్ చేసేముందు అడగండి. గిటార్ వాయించేవాళ్ళయితే గుడారమే నయం. కాకపోతే పిలవకుండా సోలో ఎత్తుకోకండి, ముందు తాళం పట్టండి.