శనివారం తెలుగు బడా, స్కూల్ ఆటల టీమా?

అమెరికాలో టీనేజ్ పిల్లలున్న మన ఇళ్ళలో ఏటా ఇదే గొడవ. విస్కాన్సిన్ రాష్ట్రంలో పెద్దవాళ్ళని వాళ్ళ చిన్నతనం గురించి అడిగిన సర్వే మీద 2019లో ఓ అధ్యయనం వచ్చింది. అందులో లెక్కేసిన 7 మంచి అనుభవాల్లో తమ సమాజపు సంప్రదాయాల్లో సరదాగా పాల్గొనడమూ ఉంది, హైస్కూల్లో ‘నేనూ ఇక్కడివాణ్ణే’ అనిపించడమూ ఉంది. అంటే బడికీ, టీముకీ రెండింటికీ విలువుంది.

ఖర్చు: బడికి ఫీజు మామూలుగా ఏడాదికోసారి. టీముకి బూట్లు, ప్రయాణాలు, ఎప్పుడూ ఏదో ఒకటి.

శ్రమ: బడి వారానికో పూట. టీము దాదాపు రోజూ, డ్రైవర్ మీరే.

రిస్క్: బడిలో పదిహేనేళ్ళవాడు ఎనిమిదేళ్ళ పిల్లల పక్కన గుణింతాలు దిద్దుతూ ముడుచుకుపోతాడు. టీములో బెంచి మీదే మిగలచ్చు, పేరు వంకరగా పలికి తోటివాళ్ళు నవ్వచ్చు.

స్కూల్లో ఒంటరిగా లంచ్ తినేవాడికైతే టీమే. స్నేహితులు బోలెడుండి, తాతయ్య వీడియో కాల్‌లో ‘హాయ్’ దాటి మాట రానివాడికి బడి, అదీ దీపావళి నాటకంలో వేషంతో మొదలుపెట్టి.